బోర్లించిన కాగు

రాత్రి పొద్దుపోయి, దొర మేడలో దీపాలు ఆరాక, తోటల్లో పనిచేసే బానిసలు ఒకరి వెనక ఒకరుగా జారుకుని అడవిలోకి పోయేవారు. కాదంటే ఏదో ఒక గుడిసెలో చేరేవారు. గుమ్మం దగ్గరో, అందరి నడుమనో ఒక ఇనుప కాగు బోర్లించేవారు. ఆ తర్వాతే ప్రార్థన. ఏడ్చినా, పాడినా, దేవుణ్ణి నిలదీసినా ఆ చప్పుడంతా కాగు కిందికి పోయి అక్కడే ఉండిపోతుందనీ, దొర చెవిన పడదనీ నమ్మకం. దొరికిపోతే కొరడా దెబ్బలే. 1936-38 మధ్య అమెరికా ప్రభుత్వం మనుషుల్ని పంపి, బానిసత్వం చూసి అప్పటికింకా బతికున్న 2,300 మందికి పైగా వృద్ధులు చెప్పిన కథలు రాయించింది. ఆ కాగితాల్లో ఈ కాగు పదే పదే కనిపిస్తుంది. ఒక రాష్ట్రం ముసలివాళ్లు చెప్పిందే, వాళ్ల పేరైనా వినని మరో రాష్ట్రం ముసలివాళ్లూ చెప్పారు.

ఇనుప కాగు శబ్దాన్ని మింగుతుందా? మింగదు. ఆ సంగతి వంటింట్లో నాలుగు రోజులు మసిలిన ఎవరికైనా తెలుసు, బానిసలకు తెలియక కాదు. చరిత్రకారుడు ఆల్బర్ట్ రాబొటో 1978లో వచ్చిన ‘స్లేవ్ రెలిజియన్’ అనే పుస్తకంలో ఈ కాగు సంగతి చర్చిస్తూ, ఆఫ్రికా ఆచారాల జాడ ఏదైనా అందులో మిగిలిందేమోనన్న ఊహను కూడా ప్రస్తావించాడు. అయి ఉండవచ్చు. కానీ కాగు కన్నా పెద్ద చిక్కు ఒకటుంది.

ఆ రాత్రి అక్కడ లెక్కలోకొచ్చే చెవులు మూడు. మొదటిది దేవుడిది. ఆయనకు చెప్పకుండానే అన్నీ తెలుసు. రెండోది దొరది. తలుచుకుంటే ఈ లోకంలో ఆ బాధ తీర్చగలవాడు అతనొక్కడే, కానీ అతనికి వినపడకూడదు. మూడోది పక్కన కూర్చున్నవాడిది. వాడి వీపు మీదా అవే వాతలు, కాబట్టి వాడికి కొత్తగా తెలిసేదేమీ లేదు. తెలిసినవాళ్లకే మళ్లీ చెప్పడం, తీర్చగలిగినవాడికి వినపడకుండా చెప్పడం, ఇదేం మొర? తెలుగులో మొర పెట్టుకోవడం అంటే రాజుకో దేవుడికో, చేతిలో ఏదో ఒక శక్తి ఉన్నవాడికి చెప్పుకోవడం. గజేంద్రుడు మొసలి నోట్లో కాలుపెట్టి తోటి ఏనుగులతో మొరపెట్టుకోలేదు. ఉన్నాడో లేడో అన్న అనుమానం మనసులో పెట్టుకునైనా సరే, వైకుంఠం వైపే అరిచాడు. ఎవరూ లేని అడవిలో ఏడిస్తే అరణ్యరోదన అన్నారు. మరి చుట్టూ అందరూ ఏడుస్తున్న అడవిలో ఏడిస్తే దానికి పేరేమిటి?

అమెరికా నల్లజాతివారి చరిత్రలో ఈ ప్రశ్న గుడిసెల నుంచి చర్చికీ, చర్చి నుంచి రేడియోకీ నడిచొచ్చింది. ముఖ్యంగా వాళ్ల సొంత టాక్ రేడియోకి, అంటే రోజంతా పాటల్లేకుండా జనం ఫోన్లు చేసి ఊరి సంగతులు మాట్లాడుకునే స్టేషన్లకి. స్కూళ్లు, పోలీసులు, అద్దెలు, తుపాకులు, మేయరు ఎన్నిక. విన్నవాళ్లకి అన్నీ తెలిసినవే. అయినా లైన్లు ఖాళీ ఉండవు.

చర్చికీ రేడియోకీ మధ్య దారి ఎంత దగ్గరిదో ఒక ఉదాహరణ చాలు. బానిసత్వంలో తల్లిని ఒక చోటికీ పిల్లల్ని మరో చోటికీ అమ్మేసిన కుటుంబాలు లక్షలు. విముక్తి వచ్చాక వాళ్లు ఒకరినొకరు వెతుక్కున్నారు. న్యూ ఆర్లియన్స్‌లో వెలువడే మెథడిస్టు పత్రిక ‘సౌత్ వెస్టర్న్ క్రిస్టియన్ అడ్వకేట్’ 1879 నుంచి ‘తప్పిపోయిన ఆప్తులు’ అనే అర్థం వచ్చే శీర్షిక ఒకటి నడిపింది. అర డాలరు కడితే ప్రకటన వేసేవారు. తల్లి పేరు, ఆఖరిసారి చూసిన ఊరు, అప్పటి యజమాని పేరు. పాస్టర్లు వాటిని ఆదివారం వేదిక మీంచి చదివి వినిపించాలని పత్రిక కోరేది. చదువు రాని సంఘానికి అదే దారి. తరవాత ఆ వేదిక గాలిలోకి ఎక్కింది. షికాగోలో జాక్ కూపర్ 1929 నవంబరులో నల్లవారి తొలి రేడియో కార్యక్రమాల్లో ఒకటి మొదలుపెట్టాడు. 1938లో, దక్షిణాది నుంచి వలస వచ్చి జాడ తెలియకుండా పోయినవారిని వెతికే కార్యక్రమం ఒకటి చేర్చాడు. అరవై ఏళ్ల కిందట పాస్టరు చదివిందే ఇప్పుడు అనౌన్సరు చదివాడు.

సొంతం అన్న మాటకొస్తే కథ మారుతుంది. నల్లవారి కోసం రోజంతా కార్యక్రమాలు వేసిన తొలి స్టేషను మెంఫిస్‌లోని డబ్ల్యూ.డి.ఐ.ఎ. దాని యజమానులు ఇద్దరు తెల్లవాళ్లు. పాత కార్యక్రమాలతో స్టేషను నిలదొక్కుకోలేక, హైస్కూలులో చరిత్ర చెప్పే నాట్ డి. విలియమ్స్‌ను 1948లో మైకు ముందు కూర్చోబెట్టారు. ఆయన పాటలూ వేశాడు, జాతి సమస్యల మీద చర్చా కార్యక్రమమూ నడిపాడు. దాంతో స్టేషను నిలబడింది. ఆ మరుసటి ఏడాదే అట్లాంటాలో జెస్సీ బ్లేటన్ అనే నల్లజాతి అకౌంటెంటు 50,000 డాలర్లకు డబ్ల్యూ.ఇ.ఆర్.డి.ని కొన్నాడు. అమెరికాలో నల్లవారి సొంతమైన తొలి రేడియో అదే. ఆబర్న్ అవెన్యూలో ప్రిన్స్ హాల్ మేసనిక్ భవనం పై అంతస్తులో స్టూడియో. కింద మార్టిన్ లూథర్ కింగ్ సంస్థ కార్యాలయం. కింగ్‌కు జనంతో మాట్లాడాలనిపిస్తే చీపురు కర్రతో పైకప్పు మీద కొట్టేవాడనీ, పైనుంచి కిటికీ గుండా మైకు కిందికి దించేవారనీ అట్లాంటాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎన్నిసార్లు కొట్టాడో ఎవరూ లెక్కపెట్టలేదు గానీ, కథ బతికింది. కాగు శబ్దాన్ని నేలలోకి పంపేది. ఈ కర్ర మిద్దెను తట్టి లేపింది.

ఇదే పని తెల్లవారి స్టేషనులో చేయాలంటే మళ్లీ కాగు కావాల్సి వచ్చింది. 1963 మే 2న బర్మింగ్‌హామ్‌లో బడి పిల్లలు వర్ణ వివక్షకు ఎదురుగా వీధుల్లోకి వచ్చారు. వాళ్లను రమ్మని పిలిచిందెవరు? షెల్లీ స్టువర్ట్, ‘టాల్ పాల్’ వైట్ లాంటి డిస్క్ జాకీలు. పాటల మధ్యలో, పార్కులో పెద్ద విందు ఉంది, టూత్ బ్రష్ తెచ్చుకోండి అని సరదాగా చెప్పారు. విన్న తెల్లవాడికి అది పిల్లల పిక్నిక్. టూత్ బ్రష్ జైల్లో రాత్రి గడపడానికని పిల్లలకు తెలుసు. మొదటి రోజే వందలమంది అరెస్టయ్యారు. 1967 ఆగస్టులో అట్లాంటాలో నల్లజాతి రేడియో అనౌన్సర్ల సభలో కింగ్ ప్రసంగిస్తూ, ఉద్యమంలో వాళ్ల పాత్రను ఎత్తిచెప్పి కృతజ్ఞతలు తెలిపాడు. టూత్ బ్రష్ మాట అచ్చంగా బోర్లించిన కాగే: పైకి ఒకటి, లోపల ఒకటి. స్టేషను పరాయిదైతే మాటకు మూత కావాలి. సొంతదైతే మూత తీయొచ్చు. యాజమాన్యం అనే పొడి వ్యవహారంలో ఉన్న మతపరమైన అర్థం ఇక్కడ మొదలవుతుంది.

షికాగో కథ ఇంకా చిత్రమైనది. డబ్ల్యూ.వి.ఓ.ఎన్. 1963లో మొదలైనప్పుడు పేరుకు నీగ్రోల గొంతు, యజమానులేమో పోలెండు నుంచి వలస వచ్చిన యూదు సోదరులు లెనర్డ్, ఫిల్ చెస్. బ్లూస్ రికార్డుల చెస్ కంపెనీ వాళ్లదే. అందులో వెస్లీ సౌత్ అనే పాత్రికేయుడు రాత్రిపూట ‘హాట్‌లైన్’ అనే ఫోన్ కార్యక్రమం నడిపేవాడు. లెనర్డ్ చెస్ పోయాక స్టేషను చేతులు మారి వేరే ఫ్రీక్వెన్సీకి వెళ్లిపోయింది. ఖాళీ అయిన పాత 1450 కోసం వెస్లీ సౌత్, డిస్క్ జాకీ పర్విస్ స్పాన్ కలిసి పోటీ పడ్డారు. 1979లో వాళ్లకది దక్కింది, కానీ సగమే. మిగతా సగం పోలిష్, లిథువేనియన్ లాంటి వలస భాషల స్టేషనుకు ఇచ్చారు. అలా చాలా ఏళ్ల పాటు షికాగో నల్లవారి గొంతు మధ్యాహ్నం ఒంటిగంటకు ఆగిపోయి, రాత్రి పదింటికి మళ్లీ లేచేది. తరవాత పాత పేరును కూడా తెచ్చుకున్నారు. 1986లో పాటలు మానేసి పూర్తిగా మాటల స్టేషను అయింది. 1983లో హెరాల్డ్ వాషింగ్టన్ షికాగోకు తొలి నల్లజాతి మేయరయ్యాడు. దాని వెనక ఓటర్ల నమోదుకు జనాన్ని కదిలించిన రేడియో గొంతులు చాలా ఉన్నాయి.

పరిశోధకురాలు క్యాథరీన్ స్క్వైర్స్ ఈ స్టేషనునే తీసుకుని 2000లో ఒక వ్యాసం ప్రచురించింది. ఆమె ఆసక్తి రాజకీయశాస్త్రపు ప్రశ్న మీద: పెద్ద ప్రజావేదిక పట్టించుకోని జనం తమ అవసరాలేమిటో తమలో తాము తేల్చుకునే చోటు ఎలా ఉంటుంది? మంచి ప్రశ్న. కానీ ఆ ప్రశ్న కింద ఇంకో ప్రశ్న ఉంది, అది రాజకీయశాస్త్రానికి అందేది కాదు.

అది ప్రార్థన గురించి మతాలన్నీ ఎదుర్కొన్న పాత ప్రశ్నే. అడగకముందే మీ అవసరాలు తండ్రికి తెలుసునని మత్తయి సువార్త ఆరో అధ్యాయం అంటుంది. అలాంటప్పుడు అడగడమెందుకు? ఐదో శతాబ్దం తొలి ఏళ్లలో ప్రోబా అనే విధవరాలు ఇంచుమించు ఇదే అడిగితే, ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగర బిషప్పు అగస్టీను పెద్ద ఉత్తరం రాశాడు. ఆయన జవాబు సారాంశం: చెప్పడం దేవుడికి తెలియజేయడానికి కాదు, చెప్పేవాడి కోరిక సాగి పెద్దదై, రాబోయేదాన్ని పట్టేంత చోటు లోపల ఏర్పడటానికి. బాగుంది. మొదటి చెవి సంగతి దీంతో తేలింది. మూడో చెవి సంగతి?

దానికి జవాబు మతం వైపు నుంచి కాక, అనుకోని వైపు నుంచి వచ్చింది. తత్వవేత్త డేవిడ్ లూయిస్ 1969లో రాసిన ‘కన్వెన్షన్’ అనే పుస్తకంలో ఉమ్మడి ఎరుక గురించి ఒక సన్నని భేదం చూపించాడు. ఒక విషయం అందరికీ తెలియడం వేరు. అందరికీ తెలుసునన్న సంగతి అందరికీ తెలియడం వేరు. పది ఇళ్లవాళ్లకీ పోలీసు భయం ఉండొచ్చు. ఎవరి తలుపు వాళ్లు వేసుకుని, ఇది నా ఖర్మ అనుకుంటారు. ఒకామె స్టేషనుకు ఫోను చేసి తన కొడుకును పోలీసులు ఆపిన సంగతి చెబితే, వింటున్న పదిమందికీ కొత్త సమాచారం ఏమీ అందదు. అందేది ఇంకొకటి: నాతో పాటు ఈ మాట ఇప్పుడే, ఇదే క్షణాన వేలమంది వింటున్నారు, వాళ్లూ తలూపుతున్నారు అన్న ఎరుక. పత్రిక ఈ పని చేయలేదు, ఎవరెప్పుడు చదువుతారో తెలియదు. చర్చి చేయగలదు, కానీ గోడల లోపలే. రేడియోలో, అందులోనూ మాటకు మాట కలిసే ఫోన్ కార్యక్రమంలో, అది ఊరంతటికీ ఒకేసారి జరుగుతుంది. నల్లజాతి చర్చిలో ఒకరు లేచి తమ అనుభవం చెప్పడాన్ని టెస్టిఫై చేయడం అంటారు, సాక్ష్యం ఇవ్వడం. తెలుగు క్రైస్తవ సంఘాల్లోనూ ఆ మాటే వాడతారు. కోర్టులో సాక్ష్యం తెలియనివాడికి చెప్పేది. సంఘంలో సాక్ష్యం తెలిసినవాడికే చెప్పేది. అందరి గుండెల్లో విడివిడిగా ఉన్న బాధ ఒక్కసారి అందరి ముందుకూ వచ్చి నిలబడితే, అది ఖర్మ కావడం మానేసి అన్యాయం అవుతుంది.

ఇందుకు వాషింగ్టన్ నగరం సాక్షి. క్యాథీ హ్యూస్ 1980లో భర్తతో కలిసి డబ్ల్యూ.ఓ.ఎల్. కొనడానికి అప్పు కోసం తిరిగితే 32 చోట్ల కాదన్నారని, 33వ చోట మాత్రమే ఔనన్నారని ఆమే చెబుతుంది. తరవాత భార్యాభర్తలు విడిపోయారు. డబ్బు చాలక కొడుకుతో స్టేషనులోనే పడుకుంది. ఖర్చు తగ్గించుకోవడానికి పొద్దుటి కార్యక్రమం తనే చేయడం మొదలుపెట్టింది. 1986 సెప్టెంబరులో వాషింగ్టన్ పోస్ట్ కొత్తగా ఆదివారం పత్రిక ఒకటి తెచ్చింది. మొదటి సంచిక ముఖచిత్రం హత్య నేరం మోపబడ్డ నల్లజాతి ర్యాప్ గాయకుడిది. లోపల, నగల దుకాణాలవాళ్లు నల్ల కుర్రాళ్లకు తలుపు తీయకపోవడాన్ని అర్థం చేసుకోవాలన్న కాలమ్. హ్యూస్ మైకు ముందు కూర్చుని జనాన్ని అడిగింది: మీకేమనిపిస్తోంది? ఆ తరవాత వారం వారం జనం ఆ పత్రిక కట్టల్ని తెచ్చి వాషింగ్టన్ పోస్ట్ కార్యాలయం మెట్ల మీదే పడేశారు. ఇది దాదాపు మూడు నెలలు సాగింది. చివరికి ప్రచురణకర్త డొనాల్డ్ గ్రాహం క్షమాపణ చెప్పి, ఆమె కార్యక్రమానికి కూడా వచ్చాడు. మూడో చెవికి చెప్పిన మాట చుట్టూ తిరిగి రెండో చెవి దాకా వెళ్లింది.

అయితే మాట్లాడే హక్కు దొరకగానే అంతా అయిపోయినట్టు అనుకోవడం పొరపాటని గట్టిగా అన్న మనిషి ఒకరున్నారు. ఫ్రెంచి తత్వవేత్త సిమోన్ వే. 1942లో నాజీల నుంచి తప్పించుకుని కొన్ని నెలలు న్యూయార్కులో ఉన్నప్పుడు ఆమె ఆదివారాలు హార్లెంలోని నల్లవారి బాప్టిస్టు చర్చికి వెళ్లేది. మరుసటి ఏడాది ఇంగ్లండులోని ఆష్‌ఫర్డ్‌లో చనిపోయింది. లండన్‌లో రాసిన ఒక వ్యాసంలో ఆమె వాదన ఇది: మనిషి లోతుల్లోంచి నన్నెందుకు ఇలా బాధపెడుతున్నారు అని ఒక కేక వస్తుంది. దెబ్బలు తిన్నవాళ్లకు ఆ కేకకు మాటలు ఉండవు, మాటలుంటే అవి తప్పు మాటలవుతాయి. కాబట్టి భావప్రకటన స్వేచ్ఛ ఒక్కటీ ఇస్తే లాభం లేదు. దాన్ని నోరున్నవాళ్లే వాడుకుంటారు. ఆ సన్నటి కేకను పట్టుకోగల శ్రద్ధ, నిశ్శబ్దం ఉన్న వ్యవస్థ కావాలి. జర్మన్ వేదాంతి డీట్రిక్ బోన్‌హోఫర్‌ కూడా హార్లెం మీదుగా వచ్చినవాడే. 1930-31లో అబిస్సినియన్ బాప్టిస్టు చర్చిలో ఆదివారం బడిలో పాఠాలు చెప్పి, నల్లవారి భక్తిగీతాల రికార్డులు జర్మనీకి తీసుకుపోయాడు. సహజీవనం మీద 1939లో వచ్చిన చిన్న పుస్తకంలో, తోటివారికి మనం పడ్డ మొదటి రుణం వినడం అని వాదించాడు. ఇద్దరూ ఒకే వీధుల్లో నడిచి ఒకే మాట దగ్గరికి రావడం యాదృచ్ఛికమే కావచ్చు. కానీ వినడం ఎలా ఉంటుందో వాళ్లు ఎక్కడ చూసి ఉంటారని అడిగితే, ప్రతి వాక్యానికీ సంఘం ఊకొట్టే ఆ చర్చిల్ని పక్కన పెట్టడం కష్టం. తెలుగువాడికి బుర్రకథలో వంతలు ఊకొట్టడం తెలుసు. ఆ చర్చిల్లో మాత్రం పాస్టరు వాక్యం సగం చెబుతాడు, మిగతా సగం జనం పూర్తి చేస్తారు.

వే అడిగిన వ్యవస్థ కొద్ది రోజుల పాటైనా నిజంగా కనిపించింది 1992లో, లాస్ ఏంజెలిస్‌లో. కె.జె.ఎల్.హెచ్. పాటల స్టేషను. పేరులోని మూడు అక్షరాలు పాత యజమాని జాన్ లమార్ హిల్‌వి, ఆయన అంత్యక్రియల వ్యాపారి. ఆయన దగ్గర్నుంచి 1979లో స్టీవీ వండర్ కొన్నాడు. ఏప్రిల్ 29న, రాడ్నీ కింగ్ అనే నల్లజాతివాణ్ణి చితకబాదిన పోలీసుల్ని జ్యూరీ నిర్దోషులని వదిలేసిందన్న వార్త వచ్చింది. ఆ దెబ్బల వీడియో ప్రపంచమంతా చూసింది, తీర్పు మాత్రం అలా వచ్చింది. ఆ సాయంత్రం రెండు చోట్ల జనం పోగయ్యారు. ఒకటి, 1872లో మొదలైన ఫస్ట్ ఎ.ఎం.ఇ. చర్చి, రెవరెండ్ సెసిల్ మర్రే వేదిక మీద ఉన్నాడు. రెండోది రేడియో. కె.జె.ఎల్.హెచ్. పాటలు ఆపేసి ఫోన్లు తెరిచింది. బయట ఊరు కాలుతోంది, చివరికి 50 మందికి పైగా చనిపోయారు. లోపల, ఎవరు ఫోను చేస్తే వారిని మాట్లాడనిచ్చారు. తగలబెట్టమన్నవాళ్లు, వద్దని ఏడ్చినవాళ్లు, పాలు ఎక్కడ దొరుకుతాయని అడిగినవాళ్లు, అందరికీ అదే లైను. ఆ పనికి స్టేషనుకు పీబాడీ పురస్కారం వచ్చింది. పురస్కారం కన్నా గమనించాల్సింది ఇంకొకటి. స్టీవీ వండర్ పాటలు వేసే స్టేషనులో ఆ రోజుల్లో స్టీవీ వండర్ పాట కూడా అడ్డమే అయింది.

ఫోను చేసిన ప్రతివాడి మాటా బంగారమని దీనర్థం కాదు. టాక్ రేడియోకి రోజూ ఎదురయ్యే పరీక్ష బైబిల్లో యోబు గ్రంథం ముందే రాసిపెట్టింది. ఆస్తీ బిడ్డలూ పోయి, ఒళ్లంతా కురుపులతో బూడిదలో కూర్చున్న యోబు దగ్గరికి ఎలీఫజు, బిల్దదు, జోఫరు వస్తారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కనే నేల మీద కూర్చుంటారు, ఒక్క మాటా మాట్లాడరు. ఆ పుస్తకంలో వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాక ఇక వివరణలే: నువ్వేదో తప్పు చేసి ఉంటావు, దేవుడు ఊరికే శిక్షించడు. యోబు దేవుణ్ణే ముఖం మీద నిలదీస్తాడు. చివర్లో దేవుడు ఎవరి పక్షాన తీర్పు చెబుతాడు? దేవుణ్ణి వెనకేసుకొచ్చిన స్నేహితుల మాట తప్పనీ, తనను నిలదీసిన యోబు మాటే సరైనదనీ అంటాడు. హోస్టు కుర్చీలో కూర్చున్నవాళ్లందరికీ ఎలీఫజు అయ్యే ప్రమాదం ఉంది. మన కుర్రాళ్లు ప్యాంట్లు సరిగ్గా వేసుకుంటే పోలీసులు ఎందుకు కొడతారు అని ఉపన్యాసం ఇవ్వడం చాలా సులువు. లైను కట్ చేసే బటను కూడా చేతి కిందే ఉంటుంది.

ఇంకో చిక్కు, ఇంటి గుట్టు లంకకు చేటు. గాలిలో మాట్లాడే మాట ఎవరైనా వినొచ్చు. పాస్టరు డబ్బు తిన్నాడనో, మన వీధిలో మనవాళ్లే మనవాళ్లను కాలుస్తున్నారనో రేడియోలో చెబితే రెండో చెవి కూడా వింటుంది, విన్నదాన్ని మర్నాడు తనకు కావాల్సినట్టు వాడుకుంటుంది. ఆ భయంతో చాలా మాటలు ఇప్పటికీ కాగు కిందే ఉంటాయి. దీనికి తిరగేసిన తప్పూ జరిగింది. న్యూయార్కులో పర్సీ సట్టన్ బృందం 1971లో కొన్న డబ్ల్యూ.ఎల్.ఐ.బి. నగరంలో నల్లవారి సొంతమైన తొలి స్టేషను. డేవిడ్ డింకిన్స్ 1989లో మేయరుగా ఎన్నిక కావడంలో దాని ఫోన్ కార్యక్రమాలకు వాటా ఉంది. అదే స్టేషనులో 1990లలో యూదుల మీద ద్వేషపు మాటలకు అడ్డు లేకుండా పోయిందన్న విమర్శలూ వచ్చాయి. తన బాధను వినే చెవి పక్కవాడి బాధకు మూసుకుపోగలదు. సొంతదైనంత మాత్రాన చెవి పవిత్రం కాదు. ఆ స్టేషను సమయాన్ని 2004లో ఒక జాతీయ ఉదారవాద టాక్ నెట్‌వర్కుకు అద్దెకిచ్చారు. వాళ్లు వెళ్లిపోయాక అది భక్తిగీతాల స్టేషనుగా మిగిలింది. దేవుడి చెవి ఉంది, మిగతా రెండూ పోయాయి.

డబ్బు సంగతి ఒక్క ముక్కలో చెప్పుకోవాలంటే, వినేవాళ్లున్నా ప్రకటనలు రావు. నల్లవారి స్టేషన్లకు ప్రకటనలు ఇవ్వొద్దని కంపెనీలు ఏజెన్సీలకు చెప్పే ఆచారాన్ని ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ కోసం చేసిన ఒక అధ్యయనమే 1990ల చివర్లో బయటపెట్టింది. మైనారిటీలకు స్టేషను అమ్మితే పన్ను వాయిదా ఇచ్చే 1978 నాటి విధానాన్ని కాంగ్రెస్ 1995లో ఎత్తేసింది. మరుసటి ఏడాది కొత్త చట్టం ఒక్క కంపెనీ ఎన్ని స్టేషన్లు కొనుక్కోవచ్చన్న పరిమితిని దాదాపు తీసేసింది. చిన్నవాళ్లు అమ్ముకున్నారు.

అమ్ముకోనివాళ్లలో ఫిలడెల్ఫియా డబ్ల్యూ.యు.ఆర్.డి. ఒకటి. పలికితే ‘వర్డ్’, అంటే మాట, వాక్యం. యోహాను సువార్త తెరిచినవాళ్లకు ఆ పేరు వేరేగా కూడా మోగుతుంది. వాల్టర్ లోమాక్స్ అనే వైద్యుడు 2003లో దాన్ని కొన్నాడు. కూతురు సారా నడుపుతోంది. పెన్సిల్వేనియాలో నల్లవారి సొంతమైన టాక్ రేడియో ఇదొక్కటే. 2024 జూన్ 27న చర్చలో తడబడ్డ అధ్యక్షుడు బైడెన్, ఆ మరక చెరుపుకోవడానికి మరుసటి వారం ఈ స్టేషనుకు ఇంటర్వ్యూ ఇచ్చాడు. జూలై 4న ప్రసారమైంది. రెండు రోజులకు టీవీలో, ఇంటర్వ్యూ చేసిన హోస్టును అడిగితే, ప్రశ్నలు అధ్యక్షుడి వైపు నుంచే వచ్చాయని, ఎనిమిదింట్లో నాలుగు ఎంచుకున్నానని దాచకుండా చెప్పింది. మర్నాడే స్టేషనూ ఆమే విడిపోయినట్టు ప్రకటన వెలువడింది. ముందే తయారైన ప్రశ్నలు అడగడం శ్రోతలకు జవాబుదారీగా ఉండే తమ పద్ధతికి విరుద్ధమని సారా లోమాక్స్ చెప్పింది.

ఆ నాలుగు ప్రశ్నల్లో ఘోరమైనదేమీ లేదు. వేరే హోస్టు ఎవరైనా అలాంటివే అడిగి ఉండేవాడేమో. అయినా ఎందుకు అంత నొప్పి? నల్లవారి స్టేషను, నల్లజాతి హోస్టు, దేశాధ్యక్షుడంతటి రెండో చెవి దానంతటదే ఎదురుగా వచ్చి కూర్చుంది. మొర వినాల్సినవాడే మొర రాసి చేతికిచ్చాడు. నోరు సొంతమే, మైకు సొంతమే, లైసెన్సు సొంతమే. మూడో చెవి మాత్రం ఆ గదిలో లేదు. ఫోన్లలో రోజూ వినపడే అద్దెలు, బడులు, తుపాకులు ప్రశ్నగా మారి అక్కడికి చేరాల్సిన దారి తెగిపోయింది. నల్లవారి స్టేషనుకు యజమాని ఎవరన్న ప్రశ్నకు కాగితాల మీద ఒక జవాబు ఉంటుంది. ఆ జూలై వారంలో ఇంకో జవాబు బయటికొచ్చింది: ప్రశ్న ఎవరిది? ఆమె నిజం దాచి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. ఆ ఒక్క నిజాయితీకి మెప్పు కూడా దక్కలేదు.

ఈ స్టేషన్లు పుట్టిపెరిగింది ఎ.ఎం. బ్యాండులో, ఎఫ్.ఎం. కన్నా చౌకగా దొరికింది కాబట్టి. విద్యుత్ కార్ల మోటార్ల రొద ఎ.ఎం. శబ్దాన్ని చెడగొడుతుందని కొన్ని కంపెనీలు కార్లలో ఆ బ్యాండునే తీసేశాయి. ఫోర్డు కూడా తీసేస్తామని చెప్పి, 2023 మేలో వెనక్కి తగ్గింది. షికాగో స్టేషను 2006లో 1450 వదిలి 1690కి మారింది. ఇప్పుడు మధ్యాహ్నం ఒంటిగంటకు ఆగనక్కర్లేదు, రోజంతా మాట్లాడుకోవచ్చు. కాకపోతే 1690 అంటే ముల్లు దాదాపు ఆఖరి అంచుకు తిప్పాలి. పాత సెట్లలో అంకెలు 1600 దగ్గరే అయిపోతాయి.